అన్నీ సాగర్లే

పెళ్లయిన కొత్తలో మా ఆయన నాకొక మాట ఇచ్చాడు. "సుగుణా, నీకు సముద్రం చూపిస్త" అన్నాడు. నేను అడగలేదు, ఆయనే అన్నాడు. అడగకుండా ఇచ్చిన మాటను ఆడది ఇంకా గట్టిగా గుర్తుపెట్టుకుంటుందని ఆ మహానుభావుడికి అప్పట్లో తెలియదు.

మరుసటి ఆదివారమే రిక్షా ఎక్కించి ట్యాంక్‌బండు మీదికి తీసుకుపోయాడు. చెయ్యి చాపి, "ఇగో, హుస్సేన్ సాగర్! సాగర్ అంటే ఏంది? సముద్రమే గదా!" అన్నాడు. మరుసటి ఏడు ఉస్మాన్ సాగర్. ఆ తరవాత హిమాయత్ సాగర్. డ్యామ్ కట్టడం పూర్తయి ఊరంతా బస్సులు మాట్లాడుకుని పోతుంటే, నన్నూ పిల్లల్నీ నాగార్జున సాగర్‌కు తీసుకుపోయాడు. సముద్రం తప్ప మాకు అన్ని సాగర్లూ ఉన్నాయి, అన్నీ నేను చూశాను. ఎక్కడికి పోయినా ఆయన మాత్రం నీళ్లకు వీపు పెట్టి పల్లీల బండి దగ్గరే నిలబడేవాడు. అది పల్లీల మీద ప్రేమ అనుకున్నాను.

మా ఆయన పేరు వైకుంఠం. లాడ్ బజార్‌లో లక్క గాజుల దుకాణం, తాత పెట్టింది. బేరంలో ఆయన నోటికి ఎదురు లేదు. ఎవరైనా విరిగినదానికి బదులు ఒక్క గాజు ఇమ్మంటే, "ఒంటి గాజు అమ్మితే మా తాత కలలకొచ్చి కొడ్తడమ్మా. జోడీ లేంది అది గాజే గాదు" అని రెండు అంటగట్టి పంపేవాడు.

మా ఇల్లు కిషన్‌బాగ్‌లో. పై వాటాలో శ్రీహరిరావు గారని కరెంటాఫీసు గుమాస్తా అద్దెకుండేవాడు, బందరు మనిషి. ఆయనకూ ఆయన భార్య కోటేశ్వరమ్మకూ ఏది చూసినా బందరే గుర్తొచ్చేది. మా ఇంట్లో పప్పు తిన్నా బందరు పప్పు, వానొస్తే బందరు వాన.

"మా సముద్రంలో పడవ పక్కనే డాల్ఫిన్లు ఎగురుతాయండీ. మనిషిని చూస్తే వచ్చి పలకరిస్తాయండీ" అనేవాడు శ్రీహరిరావు.

"నీళ్లల్ల ఉండేది పలకరిస్తదా? గప్పాలు కొట్టకు సారూ!" అని మా ఆయన నవ్వేవాడు. నేను మాత్రం నవ్వేదాన్ని కాదు. గప్పాలు కొట్టేదెవరో నాకు తెలుసు.

డెబ్బై నాలుగులో, చలికాలం పోతున్న రోజుల్లో, కోటేశ్వరమ్మ భర్తతో కలిసి కిందికి వచ్చి, "అక్కయ్యగారూ, ఈ రెండో శనివారం మేం బందరు వెళ్తున్నాం. మీరిద్దరూ కూడా రండి. శని, ఆదివారాలు ఉండి వచ్చేద్దాం" అంది.

నేను మా ఆయన వైపు చూశాను. ఆయన అప్పటికే తల గోక్కుంటున్నాడు. "దుకాణం ఎట్ల? గిరాకీ మస్తుగున్న టైం..." అని నసుగుతున్నాడు. మా అదృష్టం కొద్దీ శ్రీహరిరావు అందుకుని, "చిలకలపూడి కూడా చూద్దురు. గిల్టు నగలన్నీ అక్కడే కదండీ చేస్తారు" అన్నాడు.

మా ఆయన చెయ్యి తలమీద నుంచి దిగింది. "గిల్టు నగలా? అయితే పోదాం పా" అన్నాడు. నాకు రొట్టె విరిగి నేతిలో పడ్డట్టయింది. నగల కోసం పోయినా, నాణ్యం చూడ్డానికి పోయినా, బందరు పోతే సముద్రం ఎక్కడికి పోతుంది?

పిల్లల్ని మా అత్త నాగమణమ్మకు అప్పజెప్పి, సకినాలు మూట కట్టి, శుక్రవారం గౌలిగూడలో బస్సెక్కాం. మలక్‌పేట దాటకముందే నాకు ఉప్పుగాలి వాసన వస్తున్నట్టు అనిపించింది. కోటేశ్వరమ్మ నవ్వి, అది తన ఊరగాయ సీసా అని చూపించింది.

బందరులో శ్రీహరిరావు అన్నగారింట్లో దిగాం. శనివారం పొద్దున్నే చిలకలపూడి పాండురంగడి గుడి. అక్కడ స్వామి పాదాలను మన చేత్తో తాకి దండం పెట్టుకోవచ్చు. నేను పాదాలు పట్టుకుని, "దేవుడా, సముద్రం" అన్నాను, అంతే. గుడి నుంచి బయటికి రాగానే మా ఆయన గిల్టు పనివాళ్ల వీధిలో దూరాడు. ఒక ఇంట్లో గొలుసులు, పక్కింట్లో వంకీలు, ఎదురింట్లో టీ. ఉర్దూ కలిసిన తెలుగులో ఆయన, బందరు తెలుగులో వాళ్లు, బేరం మాత్రం ఒకరిది ఒకరికి చక్కగా అర్థమైంది. చూస్తుండగానే పొద్దు వాలింది.

"సముద్రం ఏడికి పోతది? రేపు పోదాం" అన్నాడు.

ఆదివారం సాయంత్రానికి తిరుగు బస్సు. పొద్దున గిలకలదిండి రేవుకు పోవడానికి రిక్షాలు వచ్చి నిలబడ్డాయి. మా ఆయన చెప్పులేసుకుని ఇంకో వైపు తిరిగాడు. "మీరు పోతా ఉండుండ్రి. చెవి కమ్మల బేరం మిగిలింది. చూసుకొని ఎనక వస్త."

నాకు ఒళ్లు మండిపోయింది. పరాయిల్లని కూడా చూడలేదు. "ఏందయ్యా! ఇన్నేండ్ల సంది చెరువులన్ని చూపిచ్చి సముద్రం అన్నవ్. ఇయ్యాల అసలు సముద్రం పక్కనే ఉంటే నీకు కమ్మలు యాదికొచ్చినయా? నువ్వు రాకుంటె రాకు. నేను పోతున్న!"

ఆయన లేకుండా మూసీ మీది నయాపూల్ కూడా దాటి ఎరగని దాన్ని. అయినా రిక్షా ఎక్కి కూర్చున్నాను. వెనక్కి తిరిగి చూడలేదు.

రేవులో ఏడుకొండలని శ్రీహరిరావు ఎరిగిన పడవ మనిషి మాకోసం చూస్తున్నాడు. గట్టు మీది బురదలో ఎర్రటి జీవాలు వందలుగా పరుగెత్తి, మేం దగ్గరికి పోయేసరికి బొరియల్లో దూరిపోయాయి.

"అబ్బ, ఎన్ని ఎండ్రకాయలో!" అన్నాను.

"కాయలేమిటండీ అక్కయ్యగారూ, కాళ్లతో పరిగెడుతుంటే! పీతలు" అంది కోటేశ్వరమ్మ.

"మా దిక్కు గివే ఎండ్రకాయలు. మా కాయలు గిట్లనే ఉరుకుతయి" అన్నాను. కోపంలో ఉన్నా నవ్వొచ్చింది.

పడవ పాయ వెంట పోయింది. రెండు పక్కలా మడ చెట్లు, నీళ్ల మీద కొంగలు. పోగా పోగా గట్లు రెండూ వెనక్కి జరిగి ఒక్కసారిగా లేకుండా పోయాయి. నేను చూసిన సాగర్లన్నిటికీ అవతలి గట్టు ఉంది. దీనికి లేదు. ఎంత వెతికినా లేదు. నాకు ఏడుపొచ్చింది. సంతోషంతోనే ఏడ్చాను, కొంగు అడ్డం కూడా పెట్టుకోలేదు.

అంతలో పడవ పక్కన భుస్సుమని ఊపిరి వదిలిన చప్పుడైంది.

"అయ్యిగో అమ్మగోరూ! ఎడం పక్క సూడండి!" అని ఏడుకొండలు అరిచాడు.

బూడిద రంగు వీపు ఒకటి నున్నగా పైకి లేచి మునిగింది. దాని వెంటనే ఇంకొకటి. రెండూ కలిసి లేచి, కలిసి మునిగి, పడవతో పాటే వచ్చాయి. ఒకటి తల పైకెత్తింది. నా మీద ఒట్టు, అది నన్నే చూసింది. పలకరించడం అంటే అదే అయితే, శ్రీహరిరావు గారివి గప్పాలు కావు.

"చూసినవా అయ్యా!" అంటూ పక్కకు తిరిగాను. పక్కన ఆయన లేడు. సగం సంతోషం అక్కడే దిగిపోయింది. అంత కోపంలోనూ, అయ్యో, చూడలేదే అని ఆయన మీద జాలి వేసింది.

పడవ వెనక్కి మళ్లి రేవు కనబడేసరికి, మోకాళ్ల దాకా బురదలో ఒక మనిషి నిలబడి చేతులూపుతున్నాడు. పంచె ఎగ్గట్టాడు. ఒక కాలికే చెప్పుంది.

"సుగుణా! ఓ సుగుణా!"

"కమ్మలేవి?" అన్నాను, పడవలోంచే.

"కమ్మలు మన్నుల పోనీ! అక్కడ కూసుంటే బేరం నోటికి రాలె. ఉరికొచ్చేసరికి పడవ కానరాలె. నా పానం పోయింది."

"మరి అప్పుడే ఎందుకు రాలె?"

ఆయన శ్రీహరిరావు వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించాడు. "నీళ్లంటే నాకు భయం. చిన్నప్పటి సంది. సముద్రం చూపిస్త అన్న గని, నేనే ఎన్నడు చూడలె. చెప్పనీకి సిగ్గయింది."

అప్పుడు అర్థమైంది నాకు, పల్లీల బండి సంగతి. ఇన్నేళ్లు ఈ మనిషి వణుక్కుంటూనే నన్ను ప్రతి నీటి గట్టుకూ తీసుకుపోయాడన్న మాట. నాకు నవ్వూ వచ్చింది, ప్రేమా పొంగింది. రెండూ దాచుకోలేదు.

"ఇగో, నువ్వు చూసొచ్చినవు గదా" అన్నాడు ఆయన. "నాకు చూపియ్యి."

చెయ్యి అందించాను. ఆయన ఎక్కగానే ఏడుకొండలు పడవ తిప్పాడు. మా ఆయన నా మణికట్టు ఎంత గట్టిగా పట్టుకున్నాడంటే, గట్లు వెనక్కి పోయే చోట నా గాజొకటి పటుక్కున విరిగింది. గాజుల వ్యాపారి ఆ చప్పుడు వినిపించుకోలేదు.

"అవతలి గట్టు ఏది?" అన్నాడు మెల్లగా.

"లేదు."

"అస్సలుకే లేదా?" అని నాకు ఇంకా దగ్గరగా జరిగాడు.

చాలాసేపటికి దూరంగా ఒక వీపు లేచింది. ఒక్కటే. శ్రీహరిరావు విజయం సాధించిన వాడిలా చూశాడు. మా ఆయన మెడ చాపి, భయం మరిచిపోయి, దుకాణం గొంతుతో, "ఒక్కటేనా? జోడీ ఏది?" అని అడిగాడు.

పడవంతా నవ్వుతుండగా, మా పక్కనే భుస్సుమని రెండోది లేచి ఆయన ముఖం నిండా నీళ్లు చల్లింది. ఆయన తుడుచుకోలేదు. "సలాం చెప్పింది, సారూ" అన్నాడు శ్రీహరిరావుతో.

తరవాతి ఆదివారం ఆయనే రిక్షా పిలిచాడు. "పా సుగుణా, చెరువు కట్ట మీదికి పోయొద్దాం" అన్నాడు.

"ఏ చెరువు?"

"గదే, ట్యాంక్‌బండు."

పల్లీల పొట్లం కొనుక్కుని, నీళ్ల వైపే తిరిగి నా పక్కన నిలబడ్డాడు.

"చెరువు అనకయ్యా, పాపం" అన్నాను. "నీ కోసం ఇన్నేండ్లు సముద్రం వేషం కట్టింది."

మా ఆయన అవతలి గట్టు దాకా ఒకసారి చూశాడు. "సరే, సాగరే" అని పొట్లం నా చేతిలో పెట్టాడు.