పసుపు చీటీ

ఎడమ పక్కదే అయి ఉండాలి, ఎందుకంటే చెరకు ముక్కను ఎప్పుడూ కుడి పక్కనే కొరికేది. కాదు, కుడి పక్కదే గట్టి పన్నని అటు కొరికేదా? ఏసమ్మకు ఒక పన్ను పక్క పన్ను మీదికి ఎక్కి ఉంటుంది. నవ్వితే ముందుగా కనబడేది అదే. అది ఏ పక్కన ఉందో పొద్దుటి నుంచి అహరోనుకు గుర్తు రావడం లేదు.

ఇన్నేళ్లు కాపురం చేసిన భార్య పన్ను. మనిషిని మరిచిపోవడం ఇలా అంచుల నుంచే మొదలవుతుందేమో అనుకున్నాడు.

కొండ మీది క్షయ ఆసుపత్రిలో చేరినప్పటి నుంచి ఆమె నోరు అతను చూడలేదు. ఆదివారం ఆరాధన కాగానే బస్సెక్కి పోతాడు. ఆమె వరండా చివర నిలబడి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని మాట్లాడుతుంది. కళ్లు నవ్వుతాయి. కళ్లను పూర్తిగా నమ్మలేడు. జాలిపడినా అవి అలాగే ముడుచుకుంటాయి. పోయిన ఆదివారం, "ఈసారి తెమడ సాఫ్ ఉంటె ఇంటికి తోలుతరంట" అంది. "లేకుంటె మల్ల మొదటికెల్లి సూదులు" అని తనే చెప్పి, "కోడి గుడ్లు పెడుతున్నదా?" అని మాట మార్చింది.

ఫలితం ఇవాళ చెబుతారు. మధ్యాహ్నం దాటాక ఫోను చేసి కనుక్కోమన్నారు. ఫోను గేటు దగ్గర ఉంది. మధ్యాహ్నం దాటి చాలాసేపయింది.

కాజీపల్లిలోని ఆ మందుల ఫ్యాక్టరీ గోదాములో అహరోనుది చీటీలు అతికించే పని. తయారైన పొడిని డ్రమ్ముల్లో నింపగానే ఒక్కోదానికి పసుపు చీటీ పడుతుంది, పరీక్ష ఇంకా తేలలేదని. వాటిని ఒక మూలన పెట్టి చుట్టూ తాడు కడతారు. ఎవరూ ముట్టకూడదు. ల్యాబు నుంచి మాట వచ్చాక, మంచిదైతే పసుపు మీద ఆకుపచ్చ, చెడ్డదైతే ఎరుపు. ఆకుపచ్చ పడింది లారీ ఎక్కుతుంది. ల్యాబు మాట రానిదే అతని చెయ్యి ఇంతవరకూ ఎన్నడూ కదలలేదు.

"ఏందన్నా, ఎప్పట్నుంచో గా ఒక్క డ్రమ్ము కాడనే నిలవడ్డవ్. పెండ్లిసూపులా?" అన్నాడు పెంటయ్య. ఒకప్పుడు తమ జొన్నచేను ఉన్నచోటనే ఇప్పుడు లారీలకు సరుకు ఎక్కిస్తుంటాడు.

"ఏం లేదు."

"ఫోన్ జేసినవా?"

"చేస్త."

"గేటుకాడ చెప్పి పెట్టిన. వాచ్‌మెన్ ఎవ్వర్నీ ఫోన్ ముట్టనిస్తలేడు, నీకోసమని. సొంత మామకు గూడ గంత మర్యాద చెయ్యడు వాడు."

అహరోను నవ్వబోయాడు.

"అడిగితె ఏమైతదన్నా? ఉన్నదే చెప్తరు."

"గదే."

పెంటయ్య లారీ వైపు పోయాడు. అడగనంతసేపూ ఏసమ్మ బస్సులో అహరోను పక్కనే కూర్చుని ఇంటికి వస్తోంది. కిటికీ పక్కన ఆమె. ఒళ్లో బట్టల మూట. పటాన్‌చెరు దగ్గర పడుతుంటే ఫ్యాక్టరీల గాలి లోపలికి కొడుతుంది. "ఇగ లెవ్వు, నీ అత్తరు వాసనొచ్చింది" అంటుంది, ఎప్పుడూ అనే మాటే. అతనికి ఆ వాసన తెలియడం మానేసి చాలా కాలమైంది. ఆమె అంటేనే తెలిసేది. అని, ఇటు తిరిగి నవ్వుతుంది. మూతి మీద కొంగు లేదు. పన్ను ఎడమ పక్కనే ఉంది. ఎడమ పక్కనే.

చూసుకుంటే అరచేతి కింద ఆకుపచ్చ చీటీ, తాడు లోపలి డ్రమ్ము మీద. దాని మాట ఇంకా ల్యాబు నుంచి రాలేదు.

చెయ్యి తియ్యాలనిపించలేదు. ఆ ఆకుపచ్చను చూస్తుంటే ఛాతీలో ఏదో వదులైంది. ఇక్కడ పీకితే అక్కడ కొండ మీద కూడా పీకినట్టే అవుతుందేమో. ప్రార్థన చేసేవాడు ఇలా శకునాలు పట్టుకోకూడదని తెలుసు. అయినా చెయ్యి అక్కడే ఉంది.

"గిది గూడ పాసైందా? జెర ముందుగాల చెప్పొద్దా" అంటూ పెంటయ్య వచ్చి, తాడు పైకెత్తి, డ్రమ్ము అంచు పట్టుకుని వంచాడు.

ఈ పొడి మాత్రలవుతుంది. ఏదో వరండాలో, ఏ ఆడమనిషో కొంగు పక్కకు తీసి వాటిని మింగుతుంది.

"ఆగు పెంటయ్యా. దాని సంగతి ఇంక తెల్వదు."

"మరి చీటీ?"

"నేనే ఏసిన. తెల్వకుంటనే ఏసిన."

పెంటయ్య అతని ముఖంలోకి చూసి, డ్రమ్మును మెల్లగా నిలబెట్టాడు.

అహరోను గోటితో అంచు లేపాడు. జిగురు ఇంకా తడిగానే ఉంది. ఆకుపచ్చ కాగితంతో పాటు కింది పసుపు కూడా సగం చినిగి వచ్చింది. మిగిలిందంతా గీకి తుడిచాడు. కొత్త పసుపు చీటీ తీసి, తిన్నగా అతికించి, మూలలన్నీ బొటనవేలితో నొక్కాడు. తరువాత తాడు దాటి గేటు వైపు నడిచాడు.