మూలన ముప్పై ఏడు

చెత్తను కాల్చి కరెంటు తీసే ఆ కర్మాగారంలో క్రేన్ నడిపే మనిషిని అందరూ బావ అనే పిలుస్తారు. అతని భార్య తమ్ముడు కంట్రోల్ రూమ్‌లో కూర్చుని పొద్దస్తమానం మైకులో "బావా, బావా" అంటుంటే అక్కడ అందరికీ అదే అలవాటైంది. అతనికంటే పదేళ్లు పెద్దవాడైన లారీ డ్రైవర్‌ కూడా బావా అనే అంటాడు. వరసలు లెక్కపెట్టే తీరిక ఎవరికుంది?

పని చూడ్డానికి తేలికే. పైన అద్దాల గదిలో కూర్చుని, కింద గోతిలోని ఊరి చెత్తను ఇనుప పంజాతో ఎత్తి, తడీ పొడీ కలిసేలా నాలుగుసార్లు జార్చి, కొలిమి గరాటులో వెయ్యాలి. ఏదీ మూడు రోజులకు మించి గోతిలో ఉండకూడదు. కదపని చెత్త లోపల్లోపలే వేడెక్కి అంటుకుంటుంది. అందుకే అక్కడ వేడిని కొలిచే కెమెరా పెట్టారు. పదిహేనేళ్లలో బావ ఆ నియమం తప్పలేదు.

భార్య పోయిన ఆరో నెలలో తప్పాడు. చెల్లెలు ఇల్లు సర్దడానికి వచ్చి, "ఎన్నాళ్లని ఇవి చూస్తూ కూర్చుంటావన్నయ్యా" అంటూ వదిన బట్టలన్నీ సంచుల్లో కుక్కి వీధిలో పెట్టేసింది. బావ వద్దనలేదు, సరేనని కూడా అనలేదు. ఏదీ ఒక పట్టాన తేల్చే మనిషి కాదు. మర్నాడు ఉదయం పంజా పైకి లేస్తే, దాని వేళ్ల సందులోంచి ఆకుపచ్చ స్వెటర్ చెయ్యి వేలాడింది. మోచేతి దగ్గర పసుపు దారంతో వంకరటింకర అతుకు. అది వేసింది బావే. గరాటు దాకా తీసుకెళ్లి మనసొప్పక వెనక్కి తిప్పాడు. పంజాకు పట్టని సామాన్లు పక్కన పెట్టే మూలకు తీసుకెళ్లి మెల్లగా దించాడు.

నాలుగో రోజు కెమెరా తెరమీద ఆ మూల ఎర్రబడింది. చుట్టూ చెత్త ఇరవై ఆరు డిగ్రీలుంటే అక్కడ ముప్పై ఏడు. మనిషి ఒంటి వేడి. ఐదో రోజూ అంతే, ఆరో రోజూ అంతే. మోకాళ్లు ముడుచుకుని పక్కకు తిరిగి పడుకున్న మనిషంత ఉంది ఆ మచ్చ. కాస్త పెరిగేది, కాస్త తగ్గేది, మళ్లీ పెరిగేది. బావకు ఒళ్లు జలదరించింది. తర్వాత, సిగ్గేసింది గానీ, సంతోషం కూడా కలిగింది. రోజూ అరగంట ముందే పనికి రాసాగాడు.

"బావా, ఆ మూల ఎత్తెయ్యి. వారం కావస్తోంది," అన్నాడు బావమరిది.

"చూద్దాంలే."

ఎనిమిదో రోజు పొద్దున ముప్పై ఎనిమిది. మధ్యాహ్నానికి ముప్పై తొమ్మిదిన్నర. భార్యకు జ్వరం వచ్చినప్పుడూ బావ "చూద్దాంలే, అదే తగ్గుతుంది" అన్నాడు. అలా రెండు రోజులు చూశాడు. ఆసుపత్రికి తీసుకెళ్లేసరికి చెయ్యి దాటిపోయింది.

"నలభై బావా. అంటుకుంటే అందరం పోతాం. ఎత్తి కొలిమిలో పడెయ్యి."

"తనని కొలిమిలో వెయ్యమంటావా?"

"ఎవర్ని బావా?"

బావ ఈసారి ఆలస్యం చెయ్యదలచుకోలేదు. మంటలార్పే నీళ్ల ఫిరంగిని ఆ మూలకు తిప్పి మీట నొక్కాడు. ముప్పై తొమ్మిది. ముప్పై ఎనిమిది. ముప్పై ఏడు. హమ్మయ్య అనుకుని మీట వదిలేశాడు. కళ్లు తుడుచుకుని మళ్లీ తెర చూశాడు.

ముప్పై ఆరు.

నీళ్లు ఆగిపోయే ఉన్నాయి. ముప్పై మూడు. మొదట కాళ్ల దగ్గర ఎరుపు పోయింది. బావ తెరకు అరచెయ్యి ఆనించాడు. ముప్పై. వీపు పోయింది, భుజం పోయింది. ఇరవై ఆరు దగ్గర అంకె నిలబడింది. ఆ మూల మిగతా గోతిలో కలిసిపోయింది.

"చల్లబడింది బావా," మైకులో బావమరిది గొంతు తేలికపడింది. "ఇంకేం భయం లేదు. ఎత్తెయ్యి."