మూడో గడిలో మాటలుండవు

మలేసియాలోని సుంగై సిపుట్ ఊళ్ళో, మార్కెట్ పక్కన వడలు వేసి అమ్మే నూకమ్మ దగ్గరికొచ్చి, నవ్వకుండా తిరిగెళ్ళిన మనిషి అరుదు. ఆవిడ మాత్రం నవ్వేది కాదు. ఎదుటివాణ్ణి ఊరికే కాసేపు చూసి, ఆ తర్వాత ఒకే ఒక్క మాట అనేది. ఆ మాటకి వరసలో ఉన్నవాళ్ళంతా పొట్ట చేత్తో పట్టుకునేవాళ్ళు.

ఆ చూపునీ ఆ మాటనీ బొమ్మల్లోకి తెచ్చింది ఆవిడ చెల్లెలి కూతురు యోగేశ్వరి. చేతి తొడుగుల ఫ్యాక్టరీలో షిఫ్టు ముగించుకొచ్చి, జపానువాళ్ళ మాంగా బొమ్మకథల పద్ధతిలో నాలుగు గడుల జోకు ఒకటి గీసి ఫోన్‌లో పెట్టేది. అందరికీ తెలిసింది చిల్లు వడ జోకు. మొదటి గడిలో ఒకాయన, "వడకి చిల్లు మరీ పెద్దదైంది" అంటాడు. రెండో గడిలో నూకమ్మ "ఔను" అంటుంది. మూడో గడిలో మాటలుండవు. నూకమ్మ వడని కంటి దగ్గర పెట్టుకుని చిల్లులోంచి ఆయన్ని చూస్తూ ఉంటుంది. నాలుగో గడిలో, "ఇందులోంచి సూస్తే నువ్వు బాగున్నావు."

కౌలాలంపూర్‌లోని ఒక యానిమేషన్ స్టూడియో, జపాను సంస్థ ఒకదానితో కలిసి ఈ జోకుల్ని హాస్య అనిమేగా తీస్తామని వచ్చినప్పుడు యోగేశ్వరి కాళ్ళు నేల మీద నిలవలేదు. ముందుగా పెద్దమ్మనే అడిగింది.

"నన్నడుగుతావేటే? బొమ్మ నీది, తీసుకోమను లా," అంది నూకమ్మ, అక్కడివాళ్ళందరిలాగే మాట చివర 'లా' తగిలించి. "గానీ నల్లగున్నానని తెల్లరంగు పుయ్యొద్దని సెప్పు."

దర్శకుడు సుగుమారన్ క్లాంగ్ ఊరి తమిళ కుర్రాడు. యోగేశ్వరి జోకులన్నీ అతనికి కంఠతా వచ్చు. మొదటి సమావేశంలోనే తమిళంలో మొహమాటపడుతూ చెప్పాడు. "నాలుగు గడులు చదవడానికి పది సెకన్లు చాలక్కా. మనకి ఒక్కో భాగం పదకొండు నిమిషాలు."

ఆ పదకొండు నిమిషాలు నింపడానికి వడ నూనెలోంచి ఎగిరి దొర్లుకుంటూ పారిపోవాలన్నారు స్టూడియోవాళ్ళు. నూకమ్మ దాని వెనక పరిగెత్తాలన్నారు. పిల్లలకి ఎక్కాలంటే ఆవిడ నోట ఒక ఊతపదం ఉండాలన్నారు. 'అయ్యయ్యో, వడై సుడా లారి!' అని పెట్టారు. వచ్చీరాని మలయ్‌లో, వడ పారిపోయిందని. విడివిడిగా చూస్తే ఏదీ పెద్ద మార్పులా కనబడలేదు. ప్రతిసారీ యోగేశ్వరి కొంచెం నసిగి, సరేనంది. చివరి స్క్రిప్టు మీద సంతకం కూడా తనే పెట్టింది.

మొదటి భాగం శనివారం మధ్యాహ్నం వచ్చింది. నూకమ్మ పెందలాడే బండి కట్టేసి, జరీ అంచు చీర కట్టుకుని, ఇరుగుపొరుగుని పిలుచుకుని టీవీ ముందు కూర్చుంది. రంగు మార్చలేదు, నిజమే. కానీ తెర మీది నూకమ్మ పిల్లిపిల్లలా సన్నగా కీచుమంటోంది. మాటకి ముందొకసారి, వెనకొకసారి తల ఊపుతోంది. వడ వెనక పరిగెత్తి మురిక్కాలవలో పడింది. అప్పుడు వెనకనుంచి జనం నవ్వుల రికార్డు మోగింది. గదిలో ఉన్నవాళ్ళూ నవ్వారు.

నూకమ్మ చివరిదాకా చూసింది.

"నానలాగ మాటాడతానేటే, యోగీ?"

"లేదు పెద్దమ్మా. అది ఊరికే... టీవీ కోసమని సేసినారు."

"ఆళ్ళు నవ్వింది నా మాటకి కాదు. నాను పడ్డందుకు," అంది నూకమ్మ. లేచి వెళ్ళి చీర మార్చుకుంది.

రెండో వారానికి బండి దగ్గర జనం పెరిగారు. వచ్చినవాళ్ళల్లా ఆ ఊతపదం అనమని అడిగేవాళ్ళు. నూకమ్మ మునుపటిలా కాసేపు చూసి ఒక మాట అంటే, నవ్వు పుట్టేది కాదు. ఇంకా ఏదో వస్తుందని ఎదురుచూసేవాళ్ళు. నెల తిరక్కుండా ఆవిడ మాట్లాడడం మానేసింది. ఎన్ని కావాలని వేళ్ళతోనే అడిగేది.

యోగేశ్వరి సెలవు పెట్టి కౌలాలంపూర్ వెళ్ళింది. సుగుమారన్ ఆమె చెప్పిందంతా తలొంచుకుని విన్నాడు. ఆ తర్వాత కంప్యూటర్‌లో ఒక పాత ఫైలు తెరిచాడు. అది అతను మొట్టమొదట కదిలే బొమ్మగా చేసిన చిల్లు వడ జోకు. రంగుల్లేవు, పెన్సిల్ గీతలే. అందులో నూకమ్మ వడ చిల్లులోంచి చూస్తూనే ఉంది. పద్నాలుగు సెకన్ల పాటు మాట లేదు, సంగీతం లేదు. చూస్తూండగానే యోగేశ్వరికి నవ్వు తన్నుకొచ్చింది. ఆ వెంటనే కళ్ళు నిండాయి.

"ఇదెందుకు తీసేశావు, తమ్ముడూ?"

"అంతసేపు మాట లేకపోతే ఛానెల్ మార్చేస్తారన్నారక్కా. నేను గట్టిగా పోట్లాడలేదు." అతను ఫైలు మూసేశాడు. "ఇరవై ఆరు భాగాలూ అయిపోయాయి. గొంతులు కూడా రికార్డయిపోయాయి. ఇప్పుడు నా చేతిలో ఏమీ లేదు."

నువ్వూ సంతకం పెట్టావుగా అని అతను అనలేదు. అంటే బాగుండునని ఆమెకి అనిపించింది.

ఇంటికొచ్చి మూడు రోజులు కాగితం ముందు కూర్చుంది. నూకమ్మ మొహం గీయగలిగింది. మాట రాద్దామని పెన్సిల్ ఆనించగానే చెవిలో ఆ కీచుగొంతే వినబడేది. ఎన్ని కాగితాలు మార్చినా అంతే. పెద్దమ్మ అసలు గొంతు గుర్తు తెచ్చుకుందామంటే అందలేదు. నాలుగో రోజు పెన్సిళ్ళు పెట్టెలో సర్దేసి, ఇక గీయనన్న సంగతి పెద్దమ్మకి చెప్పి క్షమించమందామని బయల్దేరింది.

మార్కెట్ మలుపు తిరక్కముందే పెద్దగా నవ్వులు వినిపించాయి. యోగేశ్వరి గుండె తేలికపడి గబగబా నడిచింది. జనం మధ్యలో నూకమ్మ తల అటూ ఇటూ ఊపుతూ, గొంతు సన్నం చేసుకుని, "అయ్యయ్యో, వడై సుడా లారి!" అంటోంది. ఒకాయన చప్పట్లు కొట్టాడు.

యోగేశ్వరి జనాన్ని తోసుకుని బండి వెనక్కి వెళ్ళింది. "ఏటి పెద్దమ్మా ఇది? ఎందుకలాగ?"

నూకమ్మ జల్లిగరిటతో వడలు తీస్తూ మెల్లిగా చెప్పింది. "నాను నాలాగ మాటాడితే ఎవులూ నవ్వట్లేదే. ఆ టీవీలో మడిసే బాగుందంతన్నారు." ఆమెలో కోపం లేదు. ఉంటే యోగేశ్వరి తట్టుకునేది. "నీకు మంచి పేరొచ్చింది కదేటి. ఏడవకు లా. జనం సూస్తన్నారు."

వరసలోంచి ఒకావిడ ఫోన్ పైకెత్తి, ఇందాకటిది రికార్డవలేదు, ఇంకోసారి అనమంది. నూకమ్మ గరిటె పక్కన పెట్టి, చేతులు తుడుచుకుని, ఫోన్ వైపు తిరిగింది.