కళ్ళు పెట్టే వేళకి

పొద్దుటి నుంచి నిలబడి నిలబడి నున్నమ్మ మోకాళ్ళు పీకుతున్నాయి. ఫొటోలవాళ్ళు ఆమెను ఒక్కో బొమ్మ పక్కన నిలబెట్టి, చెయ్యి ఇలా పెట్టండి, గడ్డం ఎత్తండి అంటూ మ్యూజియం హాలంతా తిప్పారు. చివరికి ఎవరో మెత్తటి కుర్చీ తెచ్చారు. కూర్చోగానే సగం అందులోకి దిగిపోయి, ఆమెకు నవ్వొచ్చింది.

"లేపడానికి క్రేన్ తెప్పించాలి," అన్నాడు తమ్ముడు.

"నువ్వున్నావుగా. చిన్నప్పుడు నిన్ను నేను మొయ్యలేదూ?"

రాతిని అద్దంలా అరగదీస్తుందని వీధిలో అందరూ ఆమెను నున్నమ్మ అనేవారు. మ్యూజియం గోడ మీద ఆమె అసలు పేరు పెద్దక్షరాల్లో రాసి, కింద 'మరుగునపడిన తొలి మహిళా శిల్పి' అన్నారు. అది చూసి, "ఎవరక్కా ఈవిడ?" అని తమ్ముడు పొద్దున్నే ఏడిపించాడు.

వాళ్ళ నాన్నది శిల్పాల కొట్టు. బండ పగలగొట్టడం, మొహం తీయడం, జుట్టు, పెదవులు, అన్నీ ఆమె చేతివే. కళ్ళు మాత్రం కాదు. కళ్ళు పెట్టినవాడిదే బొమ్మ; ఆ కొట్లో అది కట్టుబాటు. సరిగ్గా ఆ వేళకి నాన్న, "పొయ్యి మీద పాలు చూసిరా" అనేవాడు. ఆమె తిరిగొచ్చేసరికి బొమ్మ లోకాన్ని చూస్తూ ఉండేది. దాని అడుగున నాన్న పేరుండేది. తర్వాతి రోజుల్లో, కళ్ళు పెట్టడం నేర్చుకున్న తమ్ముడి పేరు. తమ్ముడికి వారంవారం కూలి ఇచ్చేవారు. ఆమె అడిగితే, "ఇంట్లో పిల్లవి, తింటున్నావు కదా" అనేవారు. ఆ పాలు ఎన్నడూ పొంగలేదు. పొయ్యి వెలిగించని రోజుల్లో కూడా ఆమెను పాలు చూడమని పంపేవారు.

ఎవరూ లేని మధ్యాహ్నాల్లో, పారేసిన రాళ్ళ మీద ఆమె తన కోసం చెక్కుకున్న మొహాలే ఇప్పుడిక్కడున్నవి. కళ్ళు పెట్టాలని ఒక్కసారి ప్రయత్నించింది. రెప్ప దగ్గర పెచ్చు లేచి మొహమంతా పోయింది. మళ్ళీ ఉలి అక్కడికి తీసుకెళ్ళలేదు. అందుకే ఏ మొహానికీ కళ్ళు లేవు. వాటిలో ఒకటి వాళ్ళమ్మది.

ప్రదర్శన ఏర్పాటు చేసిన మేడమ్ మైకుతో వచ్చింది.

"అమ్మా, మీ అమ్మగారి బొమ్మకి గాజుపెట్టె బిగించే ముందు చిన్న మాట రికార్డు చేద్దాం. చూసే హక్కు లేని ఆడవాళ్ళ మొహాలివి. కళ్ళు కావాలనే చెక్కలేదని మీ నోటితో అంటే చాలు."

నున్నమ్మ సంచిలోంచి ఉలి తీసింది. "బిగించకముందు మా అమ్మకి కళ్ళు పెట్టనిస్తారా మేడమ్? మావాడు చెప్తాడు, నేను చెక్కుతాను."

మేడమ్ కంగారుపడింది. "ఇప్పుడవి ముట్టుకోకూడదమ్మా, మ్యూజియంవి. అయినా కళ్ళు లేకపోవడమే కదా వాటి గొప్పతనం. పుస్తకంలో కూడా అచ్చయిపోయింది."

"అనెయ్యక్కా," అన్నాడు తమ్ముడు మెల్లగా. "ఇన్నేళ్ళకి నీ పేరు గోడెక్కింది. ఇప్పుడు పాత గొడవలెందుకు?"

మైకు మీద ఎర్రదీపం వెలిగింది.

"నేను కావాలని వదల్లేదు," అంది నున్నమ్మ. "నాకు నేర్పలేదు."

మేడమ్ మైకు ఆపేసింది. "ఇంకోసారి తీద్దామమ్మా."

"ఎన్నిసార్లు తీసినా నా నోట ఆ మాట రాదు."

మేడమ్ ఫోను తీసుకుని పక్కకు వెళ్ళింది. పనివాళ్ళిద్దరు గాజుపెట్టె ఎత్తి, అమ్మ తల మీదుగా జాగ్రత్తగా దించారు. నున్నమ్మ అటే చూస్తూ అడిగింది.

"ఉలి ముందు ఎక్కడ పెట్టేవాడివిరా?"

తమ్ముడు తల వంచుకున్నాడు. "ఇప్పుడెందుకక్కా? చేతులు వణుకుతున్నాయి నీకు."

"వణకనీ. చెప్పు."

అతను ఆమె కుర్చీ ముందు నేల మీద కూలబడి కళ్ళు మూసుకున్నాడు. ఆమె బొటనవేలు పట్టుకుని తన పైరెప్ప అంచున పెట్టుకున్నాడు. రెప్ప తడిగా ఉంది.

"ఇక్కణ్ణుంచి. ముక్కు వైపు నుంచి బయటికి. నొక్కకూడదు, జార్చాలి."

వెనక పెట్టెకి మరలు బిగిస్తున్న చప్పుడు.

"తర్వాత?" అంది నున్నమ్మ.