నమిలిన బియ్యం

బీయేలో సోషియాలజీ, క్రిమినాలజీ రెండూ కలిపి తీసుకుంటానని మా అబ్బాయి ముక్తియార్ అన్నప్పుడు నేను ఒక్కటే అడిగాను.

"ఈ సరుకు యాడ అమ్ముడుపోతాది బేటా?"

"ఒకటి మనుషులు ఎట్ల బతుకుతారో సెప్తాది అబ్బా. ఇంకొకటి నేరం ఎట్ల పుడతాదో సెప్తాది. రెండూ కలిపి సదివితేనే లెక్క సరిపోయేది."

లెక్క అన్నాడు కాబట్టి ఒప్పుకున్నాను. మదనపల్లెలో కామర్సు సీటు వదులుకుని, కుప్పంలో రైలెక్కించి, కర్ణాటకలో ఆ చదువున్న కాలేజీకి పంపాను. రేపు పోలీసు ఆఫీసరైతే పుంగనూరు చింతపండు మండీలో మా కొట్టుకు అండ. నా అంచనా అది.

డెబ్బై ఎనిమిది వేసవి సెలవులకు వాడు ఇంటికొచ్చాడు. ఆ వారంలోనే మండీలో ఇంకో వ్యాపారి సుబ్రహ్మణ్యం గోడౌనులో చింతపండు బస్తాలు పోయాయి. మా మండీలో దొంగతనం జరిగితే పోలీసులకంటే ముందు బియ్యం నమిలిస్తారు. దర్గా ఫకీరు మంత్రించి ఇచ్చిన బియ్యాన్ని హమాలీలు తలా గుప్పెడు నమిలి విస్తరాకులో ఉమ్మాలి. తడిగా ఉమ్మినవాడు మంచివాడు, పొడిపిండి ఉమ్మినవాడు దొంగ.

ఆ వరసలో మా కొట్టు హమాలీ దాసప్ప కూడా ఉన్నాడు. ఊళ్లో ఏది పోయినా పోలీసు జీపు ముందు వాళ్ల కాలనీకే పోతుంది. వాళ్లది దొంగల కులమని తెల్లదొరలు ముద్ర వేసిన తాతల కాలం నుంచీ అంతే.

"ఆపించు అబ్బా," అన్నాడు ముక్తియార్, అందరూ వింటుండగానే. "భయపడితే ఎవురికైనా నోరు ఎండుతాది. దాసప్ప పుట్టినప్పటి నుంచీ భయంతోనే ఉండాడు."

ఆపిస్తే సుబ్రహ్మణ్యం నేరుగా దాసప్పనే పోలీసులకు పట్టిస్తాడు. నమిలితే తడిగా రావడానికి కొంతైనా అవకాశముంది. రెండోదే మేలనుకుని ఊరుకున్నాను.

దాసప్ప ఉమ్మాడు. పొడిపిండి రాలింది.

మావాడు గబుక్కున గుప్పెడు బియ్యం నోట్లో వేసుకున్నాడు. నమిలి అదే విస్తరాకులో ఉమ్మాడు. అదీ పొడే. మండీ అంతా పకపకా నవ్వింది.

"పాపం, కాలేజీ పిల్లోడు ఎండకు వడిలినాడు. సోడా ఇయ్యండ్రా!" అన్నాడు సుబ్రహ్మణ్యం.

"నాకు సోడా, ఆయప్పకు జైలా? ఇద్దురి పిండీ ఒకటే గదా!"

"ఒకటెట్లవుతాదప్పా? పుట్టినప్పటి నుంచీ ఆయప్పకు భయమని నువ్వే అంటివి గదా. తప్పు చేయనోనికి భయం యాల?"

ముక్తియార్ చేతికొచ్చిన సోడాను దాసప్పకు అందించాడు.

"నువ్వు తాగు నాయనా, నీ గొంతు ఎండిపోయుండాది," అన్నాడు దాసప్ప. అంతలో జీపు వచ్చింది.

దాసప్పను మదనపల్లె సబ్‌జైలుకు తీసుకుపోయారు. నేను వకీలును పెట్టాను. వాయిదా మీద వాయిదా పడింది, బెయిలు రాలేదు. జైలు గేటు దగ్గర దాసప్ప భార్య పూలమ్మ మావాడి చెయ్యి పట్టుకుంది.

"నువ్వు సదివేది ఇట్లాటి సంగతులేనంట గదా నాయనా. ఎప్పుడు ఇడుస్తారో సెప్పు."

"తెలీదమ్మా," అన్నాడు వాడు.

సెలవులు అయిపోయాయి. కుప్పం స్టేషనులో వాడు నా వైపు చూడకుండా అడిగాడు.

"సదువు మానేద్దునా అబ్బా?"

"మానేస్తే దాసప్ప బయటికొస్తాడా?"

"రాడు."

"సదివితే?"

బండి వచ్చింది. వాడు ఎక్కాక కిటికీలోంచి పుస్తకాల పెట్టె అందించాను.