హమామా నేర్చిన ఆమేన్

యెమెన్ నుంచి వచ్చిన యూదులు యెరూషలేము కొండల్లో కట్టుకున్న ఊరది. అక్కడ కోళ్ల షెడ్ల వెనకాల ఒక రేకుల గది ఉండేది. 1966 చలికాలంలో, మధ్యాహ్నం పనులు తెమిలాక, తొమ్మిదిమంది ఆడవాళ్లు ఆ గదిలో చిన్నపిల్లల బల్లల్లో మోకాళ్లు ఇరికించుకుని కూర్చునేవాళ్లు. వాళ్లకు హీబ్రూ అక్షరాలు నేర్పమని సైన్యం తన కొలువులోని తిర్సా అనే పందొమ్మిదేళ్ల పిల్లను పంపింది.

మొదటిరోజే తిర్సా అడిగింది. "ముందు ఏ మాట రాయడం నేర్చుకుంటారు? ఒక్కొక్కరూ చెప్పండి."

"నా మొగుడి పేరు" అంది జొహ్రా. "రాసి, ఆ వెంటనే తుడిచేస్తాను. నలభై ఏళ్ల కసి."

అందరూ నవ్వారు. హమామా మాత్రం నవ్వలేదు. ఆమెకు యాభై దాటాయి. మొగుడు పోయి ఎనిమిదేళ్లు. కోళ్లకు మేత వేసి వేసి అరచేతులు గరుకుదేలాయి.

"నాకు ఆమేన్ కావాలి" అంది.

"అదేనా?"

"అదే బిడ్డా. యెమెన్‌లో, సనా నగరంలో మా మగవాళ్లు పుస్తకం చూసి ప్రార్థన చదివేవాళ్లు. మాకు చదువెక్కడిది? గోడకు ఇవతల నిలబడి, చివర్లో ఆ ఒక్క మాటా అందుకునేవాళ్లం. పక్కవీధి మసీదులోనూ కాస్త సాగదీసి ఆ మాటే అనేవాళ్లు. ఊహ తెలిసినప్పటినుంచీ అంటూనే ఉన్నాను. దాని మొహం ఎలా ఉంటుందో చూడలేదు."

తిర్సా పలక మీద మూడక్షరాలు రాసింది. ఆలెఫ్, మేమ్, నూన్. చివరి నూన్ గీత కిందికి జారి పొడుగ్గా దిగింది.

"ఇంతేనా! ఇంత చిన్న మాటకా అంత గొంతు చించుకున్నాం" అంది జొహ్రా.

హమామా ఆ గీతను వేలితో తడిమింది. "దీని అర్థమేమిటి?"

"మీకు తెలీదా?"

"అయిపోయింది అనుకునేదాన్ని. అది అనగానే అందరూ చెప్పులు వెతుక్కుంటారుగా."

తిర్సా పెరిగిన చోట ప్రార్థనలూ లేవు, గుడీ లేదు. అయినా వాళ్ల నాన్న హీబ్రూ పంతులు. మాటల చుట్టరికాలు ఆమెకు ఉగ్గుపాలతోనే వచ్చాయి. "అయిపోయిందని కాదు హమామమ్మా. 'ఇది నిజం, ఇది నిలబడుతుంది, నేనూ దీనికి కట్టుబడ్డాను' అని. చదువు రానివాళ్ల సంతకం లాంటిదనుకోండి. ఈ మూడక్షరాల్లోంచే చాలా మాటలు పుట్టాయి. ఎమునా, అంటే నమ్మకం. నెఎమాన్, మాట తప్పనివాడు. ఇంకోటుంది, ఒమెనెత్. ఇప్పుడెవరూ వాడరు. పాత లేఖనాల్లో ఉంది. తను కనకపోయినా బిడ్డను ఒళ్లోకి తీసుకుని సాకే ఆడమనిషిని అలా అంటారు."

ఎనిమిదిమందీ హమామా వైపు తిరిగారు. తిర్సాకు ఏమీ అర్థం కాలేదు.

జొహ్రాయే చెప్పింది. పదిహేడేళ్ల కిందట ఇక్కడికి విమానం ఎక్కడానికి అందరూ ఏడెన్ రేవుకు నడిచి వస్తుంటే, హమామా పక్కింటి లుల్వా దారిలోనే ప్రసవించి, పదకొండో రోజున కన్నుమూసింది. తండ్రి అంతకుముందే పోయాడు. హమామా ఆ పసిగుడ్డును శాలువాలో కట్టుకుంది. తనకు పాలు లేవు. పిల్లలకు పాలిచ్చే ప్రతి ఆడదాని ముందూ కూర్చుని, "ఒక్క గుక్క, ఒక్క గుక్క" అని అడుగుతూ పందొమ్మిది రోజులు నడిచింది. ఇక్కడి శిబిరంలో పసివాళ్లను వేరే చోట ఉంచుతామంటే, ఆ పిల్లల గది గుమ్మం ముందే మకాం వేసింది. ఆ పిల్లే బద్రా.

"నా పాలతో కలిపి ఆరుగురి పాలు తాగింది. అందుకే దానికి ఆరుగురి పొగరు" అంది జొహ్రా.

బద్రా ఆమెను పిన్నీ అని పిలుస్తుంది. అలా నేర్పింది హమామాయే. అమ్మ అనే పిలుపు లుల్వాది, దాన్ని ఎలా తీసుకుంటాననేది. బడిలో చేర్చినరోజు, పిల్లకు నువ్వేమవుతావని గుమాస్తా అడిగితే ఏం చెప్పాలో తోచలేదు. "పక్కింటావిడ" అని రాసుకుని వేలిముద్ర వేయించుకున్నాడు. ఆ మాట ఇన్నేళ్లూ ముల్లులా గుచ్చుకుంటూనే ఉంది. ఎవరికీ చెప్పలేదు.

"ఆ మాట కూడా రాయి బిడ్డా" అంది హమామా తిర్సాతో.

ఒమెనెత్‌కు అయిదక్షరాలు. నూన్ మధ్యలో వస్తే పొట్టిగా ఉండాలి. హమామా ప్రతిసారీ పొడుగ్గానే దించేది.

"మధ్యలో అది కాళ్లు ముడుచుకోవాలమ్మా."

"చివర చాపుకునేది మధ్యలో ముడుచుకోవడమెందుకు? దానిక్కూడా చోటు లేదా?" అని గొణుక్కుంటూనే చెరిపి మళ్లీ రాసేది. పొద్దున లహూహ్ రొట్టెకు పెనం మీద పిండి పోసి, అది పొంగేలోపు పొయ్యి బూడిదలో పుల్లతో గీసుకునేది. మూడు వారాలు అదే పని.

ఎండలు ముదిరే వేళకు బద్రాకు నగరంలో నర్సుల శిక్షణలో చేరమని ఉత్తరం వచ్చింది. సంరక్షకులు సంతకం చేయాలి. ఇద్దరూ బస్సెక్కి వెళ్లారు. బల్ల వెనక కూర్చున్న పెద్దావిడ కాగితం చూపించి, అలవాటు ప్రకారం వేలిముద్రకు సిరాపెట్టె ముందుకు జరిపింది.

"వద్దమ్మా. కలం ఇవ్వండి" అంది హమామా.

పేరు రాయడానికి చాలాసేపు పట్టింది. వెనక వరసలో ఎవరో దగ్గారు. పక్క గడిలో, 'చుట్టరికం' అన్నచోట, కలం ఒక్కక్షణం ఆగింది. తరవాత అయిదక్షరాలూ దిగాయి. మధ్య నూన్ కాళ్లు ముడుచుకోలేదు. గడి దాటి కింది వరసలోకి దిగిపోయింది.

ఆ పెద్దావిడ కళ్లజోడు పైకి తోసి చదివింది. "ఈ మాట కాగితం మీద చూసి ఎన్నాళ్లయిందో" అంది. తప్పు దిద్దలేదు. ముద్ర కొట్టి, లేచి నిలబడి కాగితం చేతికిచ్చింది.

బద్రా మెట్లమీద దాన్ని రెండుసార్లు చదువుకుంది. "పిన్నీ, ఇదంటే ఏంటి?"

"నీకు నేనేమవుతానో అది."

బద్రా బస్సు వచ్చేదాకా పిన్ని చేయి రెండు చేతుల్లో పట్టుకుని కూర్చుంది. హమామా ఎదుటి కొట్ల మీది బోర్డులు ఒక్కోటే కూడబలుక్కుంటూ చదివింది. రొట్టెలు. మేకులు. చెప్పులు. ఒకదాని దగ్గర తట్టుకుంటే, బద్రా అందించకుండా ఓపిగ్గా ఎదురుచూసింది.