మునగని పడవ

యాసీన్ నాయుడుపేటలో తన సెల్‌ఫోన్ షాపు మేడ మీద ఆదివారాలు, తలా ఒక పాత్ర అయి ఆడే రోల్‌ప్లే ఆట నడుపుతాడు. కథ చెప్పేది అతను, పాచికలు వేసేది లాప్‌టాప్‌లోని సాఫ్ట్‌వేర్. ఒకటి నుంచి ఇరవై దాకా పడుతుంది, ఎంత ఎక్కువ పడితే అంత మేలు. పులికాట్ సరస్సు పక్క ఊరి నుంచి వచ్చే రోజారమణి అందులో పడవ నాయకురాలు. ఆ పాత్ర చస్తే ఆమె ఇక రాదని అతని భయం. అందుకని ఆ సాఫ్ట్‌వేర్‌లో దొంగచాటుగా ఒక స్క్రిప్టు, అంటే చిన్న ప్రోగ్రాం, రాశాడు. ఆమెకు పది కంటే తక్కువ పడితే, పది దాటేదాకా సాఫ్ట్‌వేర్ చప్పుడు లేకుండా మళ్ళీ వేస్తుంది. దీన్ని అతను మోసం అనుకోలేదు, సమతుల్యం అనుకున్నాడు.

ఈసారి ఆటలో వచ్చిన తుఫానులో రోజారమణి కావాలనే పడవను అలకు అడ్డంగా తిప్పింది. పద్దెనిమిది పడింది. పడవ బయటపడింది.

“యాసీనన్నా, అలకి అడ్డం పెడితే పడవ తిరగబడుద్దని మా ఊళ్ళో పాలుతాగే పిల్లోళ్ళకి కూడా తెలుసు. నీ సముద్రానికి ఎవురూ చెప్పలేదా?”

“నీ అదృష్టం రోజా.”

“అయితే మళ్ళీ తిప్పతా.”

పంతొమ్మిది పడింది.

“ఇంత మంచి సముద్రమైతే మా నాయన నిద్రపోతానే చేపలు పట్టేవోడు. ఏం పెట్టినావో, తీసెయ్యన్నా.”

యాసీన్ స్క్రిప్టు తీసేశాడు. ఆమె మళ్ళీ అడ్డం తిప్పితే మూడు పడింది. పడవతో పాటు నాయకురాలూ మునిగింది.

రోజారమణి కుర్చీ ముందుకు జరుపుకుంది. “ఇప్పుడు బాగుండాది. వచ్చే ఆదివారం ఎన్ని గంటలకి? ఆటలోకి కొత్త మనిషిని తయారుచేసుకోవాల.”

స్క్రిప్టు తీసేయడం తన ఆలోచనేనని సాయంత్రానికల్లా యాసీన్ మనసు తేల్చేసింది.